ఆరో పాఠం, పన్నెండో సారి

52వ రోజు

ఐదో పాఠం వెళ్లి వారమైంది. రెండో గుడిసె నుంచి తొమ్మిదో గుడిసె దాకా ఎనిమిదింటిలోనూ తెరిచారు. తెర మీద ఎనిమిది పచ్చచుక్కలు వరసగా వెలిగాయి. నేను పెట్టిన తప్పు మాత్రం ఒక్కరూ పట్టుకోలేదు.

పొద్దున్నే లేచి నా రెండు మడుల్లో పాచి కదిపాను. మాకు పీల్చే గాలి ఇచ్చేది ఆ పాచే. వడపోత గుడ్డ ఉతికి ఆరేశాను, గంజి కాచుకున్నాను. ఈ ఒకటో గుడిసెనే విద్యాలయం అంటారు. ఒకప్పుడు పదకొండుమంది అధ్యాపకులం ఉండేవాళ్లం. భోజనాల బల్ల దగ్గర చోటు చాలక ఇద్దరు నిలబడి తినేవాళ్లు. ఇప్పుడు ఆ బల్ల మీద నేను గుడ్డలు మడతపెట్టుకుంటున్నాను. గోడకవతల ఆఫీసులో పర్యవేక్షకుడు కొండలరావు గారుంటారు. మంచి మనిషే. కాకపోతే పలకరించాలన్నా ముందు ఫారం నింపమనే రకం.

మా సోమయాజులు మాస్టారికి ఒక అలవాటుండేది. ప్రతి పాఠంలోనూ కావాలని ఒక తప్పు చెప్పేవారు. పట్టుకున్నవాళ్లకి జేబులోంచి తాటిబెల్లం ముక్క తీసి ఇచ్చేవారు. ఆ ముక్క కోసం మేం కళ్లార్పకుండా వినేవాళ్లం. భూమి వదిలి ఈ ఎర్రనేలకి వచ్చేటప్పుడు ఆ అలవాటునీ, ఒక డబ్బా తాటిబెల్లాన్నీ నాతో తెచ్చుకున్నాను. మనుషులు ఎదురుగా కూర్చున్నన్నాళ్లూ రెండూ పనికొచ్చాయి.

నాలుగేళ్ల కిందట తరగతులు ఎత్తేశారు, మిగతా అధ్యాపకుల్ని పంపేశారు. గుడిసె వదిలి ఇంతదూరం రావడం గాలి దండగ అన్నారు. అప్పట్నుంచి పాఠం రాసి, సంతకం చేసి, తెర మీదికి పంపడమే నా ఉద్యోగం. సంతకమయ్యాక, ఎనిమిది పాఠాల ఆ విడత ముగిసేదాకా నేనైనా అక్షరం మార్చలేను. ప్రతి పుట పక్కనా చదివేవాళ్లు రాసుకోవడానికి ఖాళీ అంచు ఉంటుంది. నాలుగేళ్లలో ఆ అంచుల్లో ఒక్క ప్రశ్న లేదు, ఒక్క గీత లేదు. నేను చచ్చిపోయి, పాత పాఠాలే తిప్పితిప్పి పంపినా ఎవరికీ తెలియదు.

అందుకే ఈ విడత మాస్టారి పని మొదలుపెట్టాను. మొదటి పాఠంలో, పాచి మడికి రోజుకి నలభై గంటల వెలుతురు కావాలని రాశాను. ఇక్కడి రోజుకి ఇరవై నాలుగున్నర గంటలే. పసిపిల్లలకైనా నవ్వొస్తుంది. ఎవరూ నవ్వలేదు. రెండో పాఠంలో ఆరోగ్యంగా ఉన్న పాచి నీలంగా ఉంటుందన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాకు ఒళ్లు మండి, ఒక్కో పాఠానికీ తప్పుని మరికాస్త లోపల దాస్తూ వచ్చాను.

54వ రోజు

ఆరో పాఠం ముగించాను. నీళ్లు మార్చడం గురించి. ప్రతి గుడిసెలోనూ రెండు మడులుంటాయి కదా, పై మడి, కింది మడి. నీళ్లు మార్చిన మడిలో పాచి అయిదారు రోజులు మత్తుగా పడుంటుంది, గాలి ఇవ్వదు. కాబట్టి ఒక మడి మార్చాక ఆరు రోజులు ఆగి రెండోది మార్చాలి. ఇక్కడ ఏడాది బతికిన ఎవరికైనా ఇది కంఠతా వచ్చు.

నేను “రెండు మడులూ ఒకే రోజు మార్చాలి” అని రాశాను. ఏడో పుటలో, మూడో పేరాలో.

రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది, అబద్ధమెందుకు. కానీ నా ఎనిమిదిమందీ పాత కాపులు. ఎనిమిదో గుడిసె మేరీ రత్నం పదిహేనేళ్లుగా మడులు చూస్తోంది. తొమ్మిదో గుడిసె సన్యాసినాయుడు పన్నెండేళ్ల నుంచి ఉన్నాడు. పై మెట్టు రావాలంటే ఈ కోర్సు పూర్తి చెయ్యాలి గనక చేస్తున్నారంతే. ఇంత ఘోరం చూసి కూడా నోరెత్తకపోతే, వాళ్లు చదవడం లేదని నాకు రూఢి అవుతుంది. ఆ పట్టుదలతోనే రాశాను.

ముద్ర కోసం ఆఫీసుకి తీసుకెళ్తే కొండలరావు గారు పుటలు లెక్కపెట్టుకున్నారు.

“ఇరవై రెండే ఉన్నాయేంటి మేడమ్ గారూ? కిందటిది ఇరవై ఆరు కదా?”

“చదివారా మీరు?”

“అయ్యో, నాకెందుకండీ అవన్నీ!” అని ముద్ర వేసేశారు.

57వ రోజు

ధూళి లేచింది. కిటికీ అద్దం మీద ఇటుకపొడి చల్లినట్టుంది. మాటలు రావు, సరుకుల బండి నడవదు, తెర మీదికి వెళ్లే పాఠాల మూటలు వెళ్లవు. ఈ ధూళిలోంచి దూరుకుని రాగలిగేవి చుక్కలూ అంకెలే. ఏ గుడిసెలో ఏ పాఠం ఎన్నిసార్లు తెరిచారో, ఏ పుట దగ్గర ఎంతసేపు ఆగారో, అంతవరకే.

ఆరో పాఠం అందరూ తెరిచారు. ఏడు గుడిసెల్లో పావుగంటలో మూసేశారు. తొమ్మిదో గుడిసెలో మాత్రం రెండు గంటలు.

సన్యాసినాయుడు నిద్రపోయి ఉంటాడు.

60వ రోజు

తొమ్మిదో గుడిసెలో ఆరో పాఠం నాలుగోసారి తెరిచారు!

నిద్ర కాదు, చదువే. ఒక్కో పుట దగ్గరా ఆగి ఆగి వెళ్లాడు. నాలుగేళ్లలో నా పాఠం రెండోసారి తెరిచిన మనిషి లేడు. ఇవాళ గంజిలో కాస్త ఎక్కువ ఉప్పేసుకుని, బల్ల దగ్గర తెర ఎదురుగా పెట్టుకుని తాగాను. ఎవరో నాతో కలిసి భోజనానికి కూర్చున్నట్టే అనిపించింది. ఈ వయసులో ఒక చుక్కని చూసి మురిసిపోతున్నానని చెబితే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ. నాకు సంతోషంగా ఉంది.

62వ రోజు

తొమ్మిది సార్లు. ఇప్పుడు మిగతా పుటలు చూడటం లేదు, తిన్నగా ఏడో పుటకే వెళ్తున్నాడు. అక్కడే అరగంట, ముప్పావుగంట ఆగుతున్నాడు.

పట్టుకున్నాడన్నమాట! తప్పు కనిపించింది, మేడమ్ ఇలా రాయరే అని మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాడు. బెల్లం డబ్బా తీసి మూత విప్పాను. ఆరు ముక్కలున్నాయి. ధూళి తగ్గి బండి కదలగానే నాయుడికి పంపాలని ఒకటి విడిగా గుడ్డలో చుట్టాను. పక్కన చీటీ కూడా రాశాను: “నాయుడూ, నువ్వొక్కడివే దొరికావయ్యా.”

63వ రోజు

పొద్దున్న పదకొండోసారి తెరిచారు.

చీటీ మీద వేయడానికి నాయుడి పూర్తి పేరు కావలసి ఆఫీసుకి వెళ్లాను. కొండలరావు గారు జాబితా చూసి తల గోక్కున్నారు.

“తొమ్మిదిలో సన్యాసినాయుడు లేడండీ. ఏడో వారం చివర్లో దక్షిణ గనులకి మార్చేశారు. ఇప్పుడున్నది పైడితల్లి అని ఒక పిల్ల. కొత్త. ఆ అమ్మాయిని మీ కోర్సులో కలిపాం కదా.”

“నాకు చెప్పలేదేం?”

“జాబితాలో గుడిసె నంబరే ఉంటుంది మేడమ్ గారూ. మనిషి మారినా నంబరు మారదు కదా.”

“ఎన్నేళ్లు? మడులు ఎన్నాళ్లుగా చూస్తోంది?”

“పంతొమ్మిదేళ్లు. మడుల పని ఇదే మొదలు. అనుభవం లేకపోయినా మీ పాఠాలు చూసి నేర్చుకుంటుందిలే అనుకున్నాం.”

ఆయన కుర్చీలోనే కూలబడ్డాను. పదకొండు సార్లు చదవడం మెచ్చుకుని కాదు. ఆ పిల్ల రెండు మడులూ ఒకే రోజు మార్చేసింది. నీళ్లు మార్చే తేదీ ప్రతి గుడిసెకీ ఒకటే, యాభై ఎనిమిదో రోజు. అంటే అయిదు రోజులుగా ఆ గుడిసెలో పాచి గాలి ఇవ్వడం లేదు. పిల్లకి ఊపిరి సన్నగిల్లుతోంది. ఎక్కడ పొరపాటు చేశానా అని నా పాఠం తెరిచి వెతుక్కుంటోంది. నేనేమో ఇక్కడ గంజి తాగుతూ మురిసిపోయాను.

“అత్యవసర తంతి తెరవండి,” అన్నాను. ధూళిలో కూడా వెళ్లే దారి అదొక్కటే, ఒకసారికి పాతిక మాటలు. తాళం ఆయన దగ్గరుంటుంది. తెరిచినప్పుడల్లా కారణం రాయాలి, ఆ కారణం అన్ని గుడిసెలకీ వెళ్తుంది.

విషయం చెప్పాను. తాళం తీస్తూనే, “పాఠంలో పొరపాటు దొర్లింది అని వేస్తాను,” అన్నారు.

“పొరపాటు కాదండీ. కావాలనే రాశాను.”

“మేడమ్ గారూ, నా మాట వినండి. అలా రాస్తే మిమ్మల్ని ఈ ఉద్యోగంలో ఒక్క పూట ఉండనివ్వరు. పొరపాటంటే ఎవరేం చేస్తారు? అందరికీ జరిగేదే.”

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం సరేననబోయాను. పాఠాలు కూడా లేకపోతే ఈ గుడిసెలో నాకేం మిగులుతుంది? కానీ పొరపాటంటే ఒక్కచోటే అనుకుంటారు. ఆరు పాఠాల్లో ఆరున్నాయి. ఆ పిల్ల మిగతా అయిదూ నమ్మి కూర్చుంటే?

“కావాలనే అని రాయండి. ప్రతి పాఠంలోనూ ఒకటుందని రాయండి. త్వరగా!”

ఆయన రాశారు. కింద నేను జోడించాను: “పైడితల్లీ, సీసా గాలి పెట్టుకో. తీసి ఉంచిన పాత నీళ్లు ఒక మడికి తిరిగి పట్టు. దగ్గరున్నవాళ్లెవరైనా తొమ్మిదికి వెళ్లండి.”

నాలుగు నిమిషాలకి ఎనిమిదో గుడిసె నుంచి జవాబొచ్చింది. “ఆరూ మాకు తెలుసు. పాచి విత్తనం, సీసాలు తీసుకుని బయల్దేరుతన్నాను. మేరీ రత్నం.”

తెలుసా? ఎలా తెలుసు? అడిగే తీరిక లేదు. పాకుడు బండి మీద ఎనిమిది నుంచి తొమ్మిదికి మామూలుగా అయిదు గంటలు. ధూళిలో ఎంతో ఎవరు చెప్పగలరు?

తొమ్మిదో గుడిసె నుంచి జవాబు లేదు.

నా భోజనాల బల్ల దగ్గరికి వచ్చి తెర ముందు కూర్చున్నాను. ఆ పిల్ల బతికుందని తెలియడానికి నాకున్న గుర్తు ఒక్కటే, ఆ అంకె. పదకొండు. ఇంకొక్కసారి తెరువమ్మా, నా పాడు పాఠం ఇంకొక్కసారి తెరువు తల్లీ అని పైకే అన్నాను. గంట గడిచింది. కొండలరావు గారు ఫారం ఏదీ అడక్కుండా గ్లాసుతో గంజి తెచ్చి నా పక్కన పెట్టి, తనూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ బల్ల దగ్గర ఇద్దరు కూర్చోవడం నాలుగేళ్లలో ఇదే మొదలు.

మధ్యాహ్నం రెండింటికి అంకె మారింది. పన్నెండు. ఏడో పుట.

నేను గట్టిగా ఏడ్చాను. ఆయన మొహం పక్కకి తిప్పుకుని కూర్చున్నారు.

తర్వాత అంకె కదల్లేదు. మూడయింది, నాలుగయింది. అయిదున్నరకి ఆఫీసులో తంతి మోగింది.

“పిల్ల ఉంది. పెదాలు నీలం. మాటాడుతోంది. విత్తనం ఏసినాను. రెండు రోజులు ఇక్కడే ఉంటాను. మీరు తిన్నారా మేడమ్?”

71వ రోజు

ధూళి తగ్గింది. మాటలు కలిశాయి. మేరీ రత్నం తన గుడిసెకి వెళ్లిపోయి, అక్కడి నుంచి మాట్లాడింది. నలభై దాటిన మనిషి, గొంతు గరుకు. నాలుగేళ్ల తర్వాత ఆ గొంతు వినడం.

“ఒక మాట సెప్తాను, కోప్పడకండి,” అంది.

“కోప్పడే మొహం నాకెక్కడుందే? చెప్పు.”

“మొదటి పాఠంలో నలభై గంటల ఎలుతురు సూసీసి నవ్వుకున్నాం. రెండోది సూసేక నవ్వు రాలేదు. మేడమ్ ఒక్కర్తే ఉంటన్నారు, వయసు మీద పడిపోనాది, మతి జారిపోతంది అనుకున్నాం. సరుకుల బండిలో చీటీ తిప్పుకునీవోళ్లం. పలానా పాఠంలో పలానా కాడ తప్పుంది, అది ఒగ్గీండి అని.”

“నాకు చెప్పొచ్చు కదే! పక్కన అంచు ఎందుకుంది మరి?”

“అంచులో రాస్తే ఆపీసోళ్లు సూస్తారు కదా. మిమ్మల్ని తీసేస్తారు. అయినా పాఠం సెప్పినోళ్లకి ఇది తప్పండి అని ఎలాగ సెప్తాం? నోరెలాగొస్తాది?”

వాళ్లు చదివారు. ప్రతి అక్షరం చదివారు. నన్ను కాపాడాలని నోరు మూసుకున్నారు. ఆ మౌనానికి ఉక్రోషపడి నేను తప్పుల మీద తప్పులు పేర్చాను.

“ఆరో పాఠం చీటీ?”

“రాసీసినాం. ధూళికి బండి ఆగిపోనాది. నాయుడు ఎళ్లిపోయినాడని మాకూ తెల్దు మేడమ్. తొమ్మిదిలోకి కొత్తగా ఆడగుంట వొచ్చిందని ఎవులూ సెప్పలేదు.”

సాయంత్రం ఆ పిల్లతో మాట్లాడాను. పేరు పెట్టి పిలిచి, తప్పు నాదేనని చెప్పబోయాను. నాకంటే ముందు తనే మొదలుపెట్టింది.

“మేడమ్, మీరు రాసినట్టే సేసినాను. పాచి తెల్లబడిపోనాది. నేనే ఎక్కడో తప్పు సేసీసినాననుకున్నాను. మళ్లీ సదివినాను, మళ్లీ సదివినాను. ఎంత సదివినా నా తప్పు కనిపించలేదు.”

“అలారం ఎందుకు నొక్కలేదమ్మా?”

“నొక్కితే ఈ గుంట పనికిరాదని పంపీస్తారు కదా. వొచ్చి నెలన్నా అవలేదు.”

“నా తంతి అందిందా?”

“అందింది. పాత నీళ్లు పట్టమన్నారు. కానీ పాఠంలో అలగ లేదు కదా. ఏది నమ్మాలో తెల్లేదు. అందుకే ఇంకోపాలి తెరిసి సూసినాను.”

పన్నెండోసారి. నన్ను నమ్మలేక, నా పాఠాన్ని అడగడానికి వెళ్లింది. తల తిరుగుతుంటే, నీలం పెదాలతో, ఏడో పుట మూడో పేరా.

“పైడీ,” అన్నాను, “అందులో నీ తప్పు లేదు. ఎంత వెతికినా దొరకదు. అది నేను పెట్టింది. చూసినవాళ్లెవరైనా నాతో మాట్లాడతారని పెట్టాను.”



“మాటాడాలంటే అడగొచ్చు కదా మేడమ్,” అంది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అంది.

75వ రోజు

కమిటీ ఉత్తర్వు వచ్చింది. మిగిలిన రెండు పాఠాలూ పూర్తి చేసి, ఈ విడతతో నేను ఆపాలి. కొండలరావు గారు ప్రతి పుటా చదివాకే ముద్ర వేయాలి. ఆయన మొదటి పుట చదివి, “మడి అంటే ఇదా అండీ!” అన్నారు. పదేళ్లుగా ఆ గాలే పీలుస్తున్నారు పాపం.

న్యాయమైన ఉత్తర్వే. నాకేం అభ్యంతరం లేదు. రాత్రి మాత్రం ఉన్న ఒక్క కంచాన్నీ రెండుసార్లు కడిగాను.

91వ రోజు

ఎనిమిదో పాఠం వెళ్లి మూడు రోజులు. ఆఖరిది. మొదటి పుట మీద రాశాను: “ఇందులో తప్పు లేదు. నాలుగుసార్లు సరిచూశాను. మందాకిని.” మేరీ రత్నం అయిదుసార్లు తెరిచింది. నమ్మడం లేదు. ఎలా నమ్ముతుంది?

ఇవాళ పొద్దున్న పాఠాల మూట తిరిగి వచ్చింది. తెర తెరిచి చూస్తే పన్నెండో పుట పక్కన, అంచులో, ఏదో ఉంది. మరకేమో అనుకుని గుడ్డతో తుడిచాను. పోలేదు. అక్షరాలు. తొమ్మిదో గుడిసె.

“మేడమ్, ఇక్కడ వడపోత గుడ్డ నాలుగు మడతలన్నారు. పందొమ్మిదో పుటలో ఆరు మడతలన్నారు. ఏది కరెక్టు? ఆరు మడతలు వేసి చూశాను. నీళ్లు దిగడం లేదు. పందొమ్మిదే తప్పని నా ఉద్దేశం.”

పందొమ్మిదో పుట తీశాను. ఆరు. నా చేత్తో రాసిన ఆరు. ఇది నేను పెట్టింది కాదు. నాలుగుసార్లు సరిచూసీ, కొండలరావు గారు వేలు పెట్టుకుని చదివీ, ఇద్దరం చూడలేదు. నిఖార్సైన తప్పు. కిందటి నెల చావుదాకా వెళ్లొచ్చిన పిల్ల, ఈసారి తన మడినీ గుడ్డనీ నమ్ముకుని, ఆఫీసువాళ్లు చూసే అంచులో, అందరికీ కనబడేలా రాసింది.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. పాఠంలో అక్షరం మార్చలేను గానీ అంచులో రాయొచ్చు. దాని ప్రశ్న కిందే రాశాను: “నాలుగే సరైనది. తప్పు నాది.”

సరుకుల బండి పదింటికి కదులుతుందన్నారు. బెల్లం డబ్బాలో ఉన్న అయిదు ముక్కలూ, నాయుడి కోసం విడిగా చుట్టిన ముక్కా కలిపి, ఒకే గుడ్డలో మూటకట్టాను. పైన “తొమ్మిదో గుడిసె” అని రాశాను. నంబరు సరిపోదు కదా అనిపించి, ఆగి, దాని కింద పైడితల్లి అని పేరు కూడా రాసి బండివాడి చేతికిచ్చాను.